పెనుకొండ వెళ్తే ఇమ్మడి నరసింహుడి గురించి అడగండి

పెనుకొండ చూసొచ్చిన వాళ్లెవరైనా రెండు కథలే చెప్తారు: రాయల వైభవం, తిమ్మరుసు చెరసాల. కానీ రాయల ఇంటికి సింహాసనం దక్కిందే ఈ కోటలో జరిగిన ఒక హత్యతో. ఆ సంగతి గగన్ మహల్ దగ్గర గానీ కొండ మీద గానీ ఒక్క బోర్డు మీద కూడా నాకు కనబడలేదు, చాలా బాధేసింది.

సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర గద్దెనెక్కి 1491లో పోయాడు. కొడుకులిద్దరూ చిన్నవాళ్లు, వాళ్లను సేనాని తుళువ నరసనాయకుడికి అప్పజెప్పాడు. పెద్దవాణ్ణి కొద్ది కాలానికే చంపేశారు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుణ్ణి రాజంటూ కూర్చోబెట్టి, తర్వాత పెనుకొండకు తెచ్చి కాపలాలో ఉంచారు, పేరు ఆయనది, పెత్తనమంతా నాయకుడిది. నరసనాయకుడు 1503లో చనిపోయాక కొడుకు వీరనరసింహుడు ఆ పెత్తనం అందుకుని, 1505లో రాజును ఇక్కడే చంపించి తానే రాజయ్యాడు. ఆయన తమ్ముడే కృష్ణదేవరాయలు, 1509లో పట్టానికొచ్చాడు. రాయలంటే నాకు ప్రాణం. అయినా ఊళ్లో ఆయనకు విగ్రహం ఉన్నప్పుడు, ఈ కుర్రాడికి నాలుగు వాక్యాల బోర్డైనా పెట్టాలి కదా!

గగన్ మహల్ రెండంతస్తులు. లోపల కమానుల దగ్గర సున్నం పెచ్చులూడి కింద రాయి కనిపిస్తోంది, దాని మీద జంటల పేర్లు గీకేశారు. ఎర్రమంచి వాకిలి దగ్గర 11 అడుగుల ఆంజనేయుడు, బాబయ్య దర్గా, పార్శ్వనాథ జైన బసది తప్పక చూడండి. కొండ మీద నరసింహస్వామి గుడికి మాత్రం పొద్దున్నే ఎక్కేయాలి, ఎండెక్కితే నీడ దొరకదు, నీళ్లు మీరే మోసుకెళ్లాలి.

బస విషయంలో జాగ్రత్త. ఒక లాడ్జిలో ఏసీ గదికని డబ్బు కట్టించుకున్నారు, ఆ ఏసీ పనిచేయలేదు, మెకానిక్ వస్తాడంటూ తెల్లారేదాకా ఊరించారు, డబ్బు వెనక్కివ్వమంటే మేనేజర్ లేడన్నారు. ఫ్యామిలీతో వెళ్తే హిందూపురంలోనో పుట్టపర్తిలోనో దిగడం మేలు. తిండికి ఢోకా లేదు, పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం సంగటి, రెండూ బాగున్నాయి. ఆటో మాత్రం చోటుకింత అని కాకుండా అన్నిటికీ కలిపి ముందే మాట్లాడుకోండి. మా ఆటో అన్న ప్రతిచోటా ఓపిగ్గా ఆగాడు, దర్గా దగ్గర తనే లోపలికి తీసుకెళ్లి చూపించాడు.

టైముంటే లేపాక్షి కూడా కలుపుకోండి. ఆ గుడి పని జరిగింది అచ్యుతదేవరాయల కాలంలో, ఆయన కూడా వీరనరసింహుడి తమ్ముడే.