ఓపెన్‌జీఎల్: నేటి గ్రాఫిక్స్ కార్డులకు సరిపోతుందా?

గ్రాఫిక్స్ కార్డుతో తెరపై బొమ్మలు గీయించే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ ఓపెన్‌జీఎల్. 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ వెలువరించిన దీన్ని నేను ఏళ్ల తరబడి ఇష్టంగా వాడుతున్నాను. నేర్చుకునేవారికి ఇది నేటికీ మంచి ఎంపికే. తెరపై ఒక త్రిభుజం గీయడానికి ఇందులో కొద్దిపాటి కోడ్ చాలు. 2016లో వచ్చిన ఇలాంటి కొత్త ఇంటర్‌ఫేస్ వల్కన్‌లో అదే పనికి వందల లైన్లు రాయవలసి వస్తుంది.

ఓపెన్‌జీఎల్‌లో అసలు చిక్కు దాని నిర్మాణంలోనే ఉంది. టెక్స్చర్ (ఉపరితలంపై అతికించే చిత్రం), షేడర్ (గ్రాఫిక్స్ కార్డుపై నడిచే చిన్న ప్రోగ్రామ్), బ్లెండింగ్ (రంగులు కలపడం) వంటి అమరికలన్నీ కాంటెక్స్ట్ అనే ఒకే చోట ఉంటాయి. ఆ కాంటెక్స్ట్‌ను ఒక సమయంలో ఒక్క థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరుస) మాత్రమే వాడుకోగలదు కనుక, ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లున్నా పని పంచడం కష్టమవుతుంది. వేల చెట్లున్న అడవిని చూపుతూ ఒక్కో చెట్టుకు ఒక్కో డ్రా కాల్ (గీయమనే ఆదేశం) పంపితే, మధ్యమధ్య మారిన అమరికలను డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ప్రతిసారీ సరిచూసుకోవాలి. ఈలోగా గ్రాఫిక్స్ కార్డు పని లేక ఎదురుచూస్తుంది. ఇన్‌స్టాన్సింగ్ (ఒకే ఆదేశంతో ఒకే వస్తువును అనేకసార్లు గీయడం), ఇండైరెక్ట్ డ్రా (గీయాల్సిన వివరాలను గ్రాఫిక్స్ మెమరీ నుంచే తీసుకోవడం) వాడితే ఈ భారం చాలావరకు తగ్గుతుంది. ఈ సౌకర్యాలను పట్టించుకోకుండా ఓపెన్‌జీఎల్‌ను నెమ్మదైనదని నిందించడం న్యాయం కాదు.

అయితే 2017 నాటి 4.6 వెర్షన్‌లో రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కించి బొమ్మ గీసే పద్ధతి) లేదు. ఆపిల్ 2018లోనే ఓపెన్‌జీఎల్ వాడకాన్ని మానుకోమని సూచించింది. లినక్స్‌లో మాత్రం మెసా అనే ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయంలోని జింక్ డ్రైవర్ దీన్ని వల్కన్ మీదుగా నడిపిస్తుంది కాబట్టి, పాత సాఫ్ట్‌వేర్‌ను తిరగరాయవలసిన తొందర లేదు. కొత్తగా పెద్ద గేమ్ ఇంజిన్ మొదలుపెట్టేవారు వల్కన్‌నే ఎంచుకోవాలి.