ఇంట్లో హస్తకళల వస్తువులు: ఏళ్ళ వాడకం తర్వాత ఏది నిలుస్తుంది, ఏది ఎందుకు పాడవుతుంది

కొండపల్లి బొమ్మ మొదలు నల్ల లోహం మీద వెండి పొదిగిన బిద్రీ కూజా దాకా, కొన్న రోజు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. నాలుగైదు వానాకాలాలు గడిచాక, ప్రతి పండగకీ ఒకసారి దుమ్ము దులిపించుకున్నాక అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో ఏళ్ళుగా రోజువారీ దుమ్ము, వెలుతురు, చెమ్మ మధ్య ఉన్న కొన్ని రకాల మీద ఈ సమీక్ష. ముందే చెప్పేస్తున్నాను: వీటిలో వయసు మీద పడి పాడయ్యేవి తక్కువ, తప్పుగా తుడవడం వల్ల పాడయ్యేవి ఎక్కువ. ఇత్తడిని మెరిపించేదే బిద్రీ నలుపుని తినేస్తుంది. లక్క బొమ్మకి ఏమీ చేయని తడి గుడ్డ పొణికి కర్ర బొమ్మ రంగు ఊడదీస్తుంది. పైకి కనిపించే రంగు కింద ఏ పదార్థం ఉందో తెలిస్తే సగం పని అయినట్టే.

తోలుబొమ్మల లాంప్‌షేడ్

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలు మేకతోలుతో చేసే దీపం ఇది. గదిలో దీనంత మార్పు తెచ్చే వస్తువు మరొకటి నాకు కనిపించలేదు. ఇంత జాగ్రత్త అడిగేదీ లేదు.

ఇది చెప్పులకి వాడే పదును చేసిన తోలు కాదు. వెంట్రుకలూ కొవ్వూ గీకి, లాగి కట్టి ఆరబెట్టిన పచ్చి తోలు. వెలుతురు దాటి రావడానికి కారణం అదే, నీళ్ళు తగిలితే మళ్ళీ మెత్తబడడానికి కారణమూ అదే. తడి తోలుని ఇనుప చట్రం మీద లాగి కుడతారు, ఆరుతూ అది బిగుసుకుంటుంది. అంటే షేడ్ ఎప్పుడూ బిగువులోనే ఉంటుంది. గాలిలో చెమ్మ పెరిగితే వదులై ముడతలు వస్తాయి, పొడి వేసవిలో బిగిసి కుట్టు దగ్గరా ఉలితో కొట్టిన చిల్లుల దగ్గరా లాగుతుంది. చిరుగు మొదలయ్యేది సాధారణంగా పై అంచు కుట్టు పక్కన, బల్బు వేడి సూటిగా తగిలే చోట.

అందుకే బల్బు విషయంలో రాజీ పడకూడదు. పాత 60 వాట్ల బల్బు వేస్తే తోలు ఎండి పెళుసెక్కుతుంది, పై భాగం గోధుమరంగుకి తిరుగుతుంది. 5 నుంచి 7 వాట్ల ఎల్ఈడీ చాలు. తోలుకీ బల్బుకీ మధ్య కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, పైనా కిందా గాలి ఆడే దారి ఉండాలి. 2700 కెల్విన్ వార్మ్ వైట్ వేస్తే ఎరుపు, పసుపు పండుతాయి. 6500 కెల్విన్ తెల్ల వెలుతురు వేస్తే అంత పనీ చేసి ప్లాస్టిక్ షేడ్ కొనుక్కున్నట్టు ఉంటుంది.

వానాకాలంలో ముడతలు పడి కొంచెం తోలు వాసన వస్తే కంగారు పడక్కర్లేదు. రోజూ సాయంత్రం రెండు గంటలు వెలిగిస్తే ఆ కొద్దిపాటి వేడికే మళ్ళీ బిగుస్తుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, ఒక వైపే బిగిసి ఆకారం వంకరపోతుంది. చాలామంది గమనించనిది ఎయిర్ కూలర్. దాని తడి గాలికి ఎదురుగా పెడితే మండు వేసవిలోనే షేడ్ సడలిపోతుంది.

దుమ్ము చిల్లుల్లో చేరుతుంది. లోపలి వైపు నుంచి అరచేత్తో ఆనించి పట్టుకుని, బయట మెత్తటి పొడి బ్రష్‌తో దులపాలి. తడి వద్దు, రంగులు నీళ్ళకి కరిగి మరక నిలుస్తుంది. మెరుపు కోసం కొబ్బరి నూనె రాయమనే సలహా ఒకటి తిరుగుతుంటుంది. రాసిన మేర పారదర్శకమై మచ్చగా కనిపిస్తుంది, దుమ్ము అతుక్కుంటుంది, కొన్నాళ్ళకి ముక్కిపోయిన వాసన కొడుతుంది. రాయకండి. పురుగు పడితే అంచులు గరుకుగా, ఆకారం లేని చిల్లులు కనిపిస్తాయి; ఉలితో కొట్టినవి నున్నగా ఉంటాయి కాబట్టి తేడా తెలిసిపోతుంది.

కొనేటప్పుడు వెలుతురుకి ఎత్తి చూడండి. తోలు మందం అక్కడక్కడా మారుతుంది, సన్నటి నరాల గీతలు కనిపిస్తాయి. అది లోపం కాదు, అసలు తోలని ఆనవాలు. ప్లాస్టిక్ షీటు మీద ముద్ర కొట్టినదైతే అంతటా ఒకే మందం, చిల్లులన్నీ అచ్చు ఒక్కలాగే ఉంటాయి. చట్రానికి రంగు వేశారో లేదో లోపలికి తొంగి చూడండి. వట్టి ఇనుమైతే ఒకటి రెండు వానాకాలాల్లో తుప్పు మరక తోలు మీదికి దిగుతుంది, అది పోదు.

కలంకారీ గోడ తెర

శ్రీకాళహస్తిది కలంతో గీసేది, పెడనది అచ్చులతో అద్దేది. గోడకి వేలాడదీయడానికి రెండూ బాగుంటాయి, కానీ పాడయ్యే తీరు ఒకటే. సహజ రంగులన్నీ వెలుతురుకి ఒకేలా తట్టుకోవు. పసుపు అన్నిటికంటే ముందు పోతుంది. పసుపు మీద నీలం వేసి తెచ్చిన ఆకుపచ్చలో పసుపు వెలిసి, చెట్ల ఆకులు నీలంగా మిగలడం పాత తెరల్లో మామూలే. నీలి, పటిక పట్టిన ఎరుపు బాగా నిలుస్తాయి.

నలుపు కథ వేరు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన ద్రావణం, గుడ్డకి ముందే పట్టించిన కరక్కాయ ఒగరుతో కలిసి నల్లబడుతుంది. వెలుతురుకి గట్టిదే, కానీ ఆ ఇనుము దశాబ్దాల మీద నూలుని బలహీనపరుస్తుంది. పాత తెరల్లో నల్ల గీతల వెంబడే గుడ్డ చిట్లడం చూస్తాం. అందుకే నల్ల గీత మీద మడత పడకుండా చూడాలి. భద్రపరిచేటప్పుడు మడవకుండా లావు గొట్టానికి పాత నూలు గుడ్డ చుట్టి దాని మీద తెరని చుట్టడం మేలు.

వేలాడదీయడానికి మేకులు కొట్టకండి, బరువంతా రెండు మూలల మీద పడి అక్కడే సాగుతుంది. పై అంచు వెనక నూలు పట్టీ కుట్టి, అందులోంచి కర్ర దూర్చితే బరువు వెడల్పంతా పంచుకుంటుంది. కర్రకి పూత లేకపోతే వార్నిష్ వేసి బాగా ఆరనివ్వాలి. ఎండ నేరుగా పడే గోడ వద్దు. కిటికీ ఎదురు గోడ తప్ప వేరే చోటు లేకపోతే, మూడు నెలలు ఒకటి మూడు నెలలు ఒకటి చొప్పున రెండు తెరలు మార్చి మార్చి పెట్టడమే దారి.

ఉతకడం సాధ్యమైనంత వాయిదా వేయాలి. పల్చటి నైలాన్ జాలీ పైన పరిచి, వాక్యూమ్ క్లీనర్‌ని తక్కువ వేగంలో పెట్టి దుమ్ము లాగితే ఏడాది గడిచిపోతుంది. ఉతికి తీరాలంటే ముందు ఒక మూల తడిపిన తెల్ల గుడ్డ అద్ది చూడాలి. రంగు అంటకపోతేనే చన్నీళ్ళు, కొద్దిగా కుంకుడు రసం, నానబెట్టకుండా ముంచి తీయడం, నీడన ఆరేయడం. బట్టల సోడా ఉన్న పొడులు ఎరుపుని ఊదా వైపు లాగుతాయి. నిమ్మరసం పడితే నలుపు వెలిసిపోతుంది, ఎందుకంటే పులుపు ఇనుముని కరిగిస్తుంది. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు గట్టిపడుతుందన్న మాట సహజ రంగుల విషయంలో నమ్మదగ్గది కాదు. రంగుని పట్టి ఉంచేది పటిక, అది తయారీలోనే పడాలి.

స్క్రీన్ ప్రింట్‌ని కలంకారీ పేరుతో అమ్మడం చాలా ఎక్కువ. కలం పనిలో ఒక గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. రెండు పూలు ఒకటిగా ఉండవు. అచ్చు పనిలో అచ్చు అంచులు కలిసే చోట అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో తేడా దొరుకుతుంది. ఏ తప్పూ దొరక్కపోతే అనుమానించండి.

కొండపల్లి, ఏటికొప్పాక

రెండూ చెక్క బొమ్మలే కదా అని ఒకే అల్మారాలో పెట్టి ఒకే గుడ్డతో తుడిస్తే ఏటికొప్పాకది మిగులుతుంది, కొండపల్లిది మిగలదు.

కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చాలా తేలిక, చాలా మెత్తన. చేతులు, తలపాగా, ఏనుగు తొండం లాంటివి విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, పైన సున్నపు పూత, ఆపైన రంగు. చెమ్మకి కర్ర ఉబ్బి ఎండకి కుంచించుకుంటుంది కాబట్టి మొదటి పగులు అతుకు దగ్గరే వస్తుంది. ఆ వెంట్రుకంత పగులు గుండా తడి గుడ్డ నీళ్ళు లోపలి సున్నపు పూతకి చేరితే రంగు పెచ్చులుగా లేస్తుంది. ఎనామిల్ రంగే కదా తుడవొచ్చు అనుకునేవాళ్ళు మర్చిపోయేది ఇదే. అంగుళం వెడల్పు నీటిరంగుల బ్రష్‌తో పైనుంచి కిందికి దులపడం తప్ప మరేదీ వద్దు. మైక్రోఫైబర్ గుడ్డ వేళ్ళకీ కొమ్మలకీ తగులుకుని విరగ్గొడుతుంది.

విరిగిన చెయ్యి అతకడానికి చెక్క పనికి వాడే ఫెవికాల్ చుక్క చాలు, రబ్బరు బ్యాండ్ కాకుండా మెత్తటి దారంతో ఒక రాత్రి కట్టి ఉంచాలి. బొమ్మ కింద సన్నటి లేత పిండి రాలుతుంటే పుచ్చు పురుగు పడినట్టు. వెంటనే విడిగా పాలిథిన్ సంచిలో కట్టేసి, మిగతా బొమ్మల అడుగులు చూడాలి. మందు ఎక్కించాల్సి వస్తే రంగు లేని అడుగు వైపు నుంచి సిరంజితోనే.

ఏటికొప్పాకవి అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టిన పూత. రోజూ చేతులు తగిలే కుంకుమ భరిణె, తలుపు పక్కన వేలాడే గంటలు, పిల్లలు ఆడే బొంగరం, అన్నిటికీ నా ఓటు దీనికే. పొడి నూలు గుడ్డతో గట్టిగా రుద్దితే మెరుపు తిరిగొస్తుంది. శత్రువులు మూడు. వేడి: 70 డిగ్రీల దరిదాపుల్లో లక్క మెత్తబడుతుంది, వేడి గిన్నె పెడితే గుండ్రటి తెల్ల మచ్చ పడుతుంది. స్పిరిటు: శానిటైజర్ రాసుకున్న తడి చేత్తో పట్టుకుంటే వేలిముద్ర నిలిచిపోతుంది, అద్దాలు తుడిచే స్ప్రే కూడా అంతే. మూడోది సోడా ఉన్న సబ్బునీళ్ళు, అవి లక్కని నెమ్మదిగా కరిగిస్తాయి.

లోహపు వస్తువులు

బిద్రీ జస్తం (జింక్) ఎక్కువ, రాగి కొద్దిగా కలిసిన లోహం మీద వెండి పొదుగు. దాని నలుపు పెయింటు కాదు, బీదర్ కోట మట్టీ నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) కలిపిన ద్రావణంతో పై పొరలో తెచ్చిన మార్పు. పీతాంబరి, బ్రాస్సో లాంటివి ఆ పొరని ఊడ్చి బూడిదరంగు మిగులుస్తాయి, ఇంట్లో మళ్ళీ నలుపు తేవడం కుదరదు. మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కల కొబ్బరి నూనె రాసి, వెంటనే పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. పూలకుండీలా ఉన్నా నీళ్ళు పోయకండి, జస్తానికి తెల్ల పొడి మచ్చలు వస్తాయి. రాతి నేల మీద పడితే సొట్ట పడదు, పగులుతుంది.

పెంబర్తి ఇత్తడి రేకు పనికి ఒకే ప్రశ్న: లక్కర్ (పారదర్శకమైన రక్షణ) పూత ఉందా లేదా? ఉంటే పొడి గుడ్డ తప్ప ఏమీ వద్దు, చింతపండు రుద్దితే పూత అక్కడక్కడా లేచి మచ్చల పులిలా అవుతుంది. లేకపోతే చింతపండు మంచిదే, కానీ నగిషీ సందుల్లో గుజ్జు మిగిలితే వారంలో చిలుము పడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

చేర్యాల ముసుగులు

పెద్ద కళ్ళ ముఖాలు, గోడకి చక్కటి నిండుతనం. కానీ ఒళ్ళంతా రంపపు పొట్టూ చింతగింజల పిండీ. బొద్దింకలకీ వెండి రంగు పుస్తకాల పురుగులకీ అది తిండే. వంటింటి పక్క గోడ మీద పెడితే వెనక వైపు కొరికేసి ఉంటుంది, ముందు నుంచి తెలియదు, కాబట్టి నెలకోసారి తిప్పి చూడాలి. ఎర్ర నేపథ్యం మీద గీసే చేర్యాల పటాలకైతే అద్దం తప్పనిసరి, అద్దానికీ బొమ్మకీ మధ్య మౌంట్ బోర్డు ఎడం ఉండాలి, లేకపోతే వానాకాలంలో రంగు అద్దానికి అంటుకుంటుంది. ఫ్రేము వెనక కింది రెండు మూలలా చిన్న రబ్బరు బిళ్ళలు అతికిస్తే గోడ చెమ్మ తగలదు.

ఇక పాతవి. వందేళ్ళ నాటి తోలుబొమ్మ, గుడి ఇత్తడి అంటూ అమ్ముతుంటారు. వందేళ్ళు దాటిన శిల్పాలూ చిత్రాలూ కళావస్తువులూ 1972 నాటి పురావస్తువులు, కళా సంపద చట్టం కింద పురావస్తువులు. అమ్మేవాళ్ళకి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. నిజంగా అంత పాతదని గట్టిగా చెప్పేవాళ్ళని ఆ కాగితం అడగండి. చాలాసార్లు వస్తువు వయసు అక్కడికక్కడే ముప్ఫై ఏళ్ళకి దిగొస్తుంది, ధరతో సహా.