జోహో క్రియేటర్: ముందు వాళ్ల పుస్తకం అడగండి

పెద్దగా కోడ్ రాయకుండానే యాప్‌లు తయారుచేసుకునే సాధనం జోహో క్రియేటర్. మూడేళ్లుగా చెన్నైలో చిన్న వ్యాపారాలకు దానిలో యాప్‌లు చేసిపెడుతున్నాను. యాప్ చేయడం కంటే అదేమిటో ఎదుటివాళ్లకు చెప్పడమే కష్టం.

మా మావయ్యకు జార్జిటౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉంది. మొదటిరోజు లో-కోడ్, క్లౌడ్, డేటాబేస్ అంటూ చెప్పుకుపోయాను. అంతా విని, "అయితే నా అప్పు పుస్తకం ఏమవుతుందమ్మా?" అన్నారు. మర్నాడు ల్యాప్‌టాప్ తీయకుండా ముందు ఆ పుస్తకం అడిగాను. ఒకే మనిషి ఓ పేజీలో శీను, ఇంకో పేజీలో శ్రీను, చివర్లో శ్రీనివాసులు. బాకీ మూడుచోట్ల ఉంది. "ఫారమ్ అంటే మీరు రాసే చీటీ మావయ్యా, రిపోర్ట్ అంటే ఈ పుస్తకం" అన్నాను. లుకప్ ఫీల్డ్ పెడితే పేరు రాసే పనే లేదు, ఖాతాదారుల జాబితాలోంచి ఎంచుకోవడమే. గడులు లాగి పెట్టి, వాటి పేర్లు తెలుగులోనే టైప్ చేశాను. ఫారమ్ అవగానే దాని రిపోర్ట్ దానంతటదే వచ్చింది. మొదటి పద్దు ఆయనే ఫోన్‌లో వేశారు. శ్రీను బాకీ మొత్తం ఒక్కచోట కనిపించేసరికి కళ్లజోడు సర్దుకుని, కాగితం మీద మళ్లీ కూడి చూసుకున్నారు. సరిపోయింది!

"రేపు ఈ కంపెనీ లేకపోతే?" అనీ అడిగారు. జోహో 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైన సంస్థ, క్రియేటర్ 2006 నుంచీ ఉంది, మీ లెక్కలు ఎప్పుడు కావాలన్నా ఫైలుగా దించుకోవచ్చు అని చెప్పాను.

అంబత్తూరులో ఓ ఫ్యాక్టరీ ఐటీ మేనేజర్‌కి ఇదే కథ చెబితే పని జరగదు. ఎవరు ఏం చూడగలరు, ఎవరు మార్చగలరు అన్నదే ఆయన మొదటి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. మావయ్య కొట్టులో నేను పర్మిషన్లు సరిగా పెట్టకుండా ఇచ్చేసి, వారంపాటు డెలివరీ కుర్రాడి ఫోన్‌లో అందరి బాకీలూ కనపడేలా చేశాను. తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచి కంపెనీలవాళ్లకు పర్మిషన్ల పేజీతోనే మొదలుపెడుతున్నాను.

ఇంజనీరింగ్ చదివే మా అక్క కూతురికి డెల్యూజ్ చూపించాను. క్రియేటర్‌లో కోడ్ రాసే భాష అది. బాకీ పరిమితి దాటితే మెయిల్ వెళ్లాలన్నది నాలుగైదు లైన్ల పని. పైథాన్ వచ్చు కాబట్టి ఒక సాయంత్రంలో పట్టేసింది. కానీ తన ప్రాజెక్టు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకునే యాప్. దానికి క్రియేటర్ వద్దు, మొబైల్ యాప్‌లు కోడ్ రాసి చేసే ఫ్లట్టర్ నేర్చుకో అని చెప్పాను.

ఒక్క జాగ్రత్త. క్రియేటర్‌కు డబ్బు, యాప్ వాడే ఒక్కొక్కరి లెక్కన కట్టాలి. కొట్టులో ముగ్గురికైతే బరువు కాదు, లైన్ మీద తిరిగే ముప్ఫైమందికి ఇవ్వాలంటే ముందే లెక్క వేసుకోండి.

ఇప్పుడు మావయ్య కొట్టుకు వచ్చే సరుకు పద్దు కూడా పెట్టమన్నారు. ఆదివారం వెళ్లి ఆ చీటీల కట్ట తెచ్చుకోవాలి.