టామ్ క్లాన్సీ ‘రెయిన్‌బో సిక్స్’ ఇన్నాళ్ళకి చదివాను, చెప్పాల్సింది చాలా ఉంది

ముందే చెప్పేస్తున్నా, ఇది దాదాపు 900 పేజీల పుస్తకం. మొదటి వంద పేజీలకే విసుగొచ్చి పక్కన పడేసినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు. ముగ్గురికీ నేను చెప్పింది ఒకటే: స్పెయిన్‌లో పార్కు వచ్చేదాకా ఓపిక పట్టండి, అప్పటికీ నచ్చకపోతే మానేయండి అని.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. జాన్ క్లార్క్ ఒకప్పుడు అమెరికా నేవీ సీల్ (నౌకాదళ కమాండో), తర్వాత చాలా ఏళ్ళు సీఐఏలో పనిచేసినవాడు, వయసు మీద పడ్డాక అతనికి కొత్త బాధ్యత అప్పజెప్తారు. ఇంగ్లండ్‌లో హెరిఫర్డ్ అనే ఊరి దగ్గర (బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్ఏఎస్ నిజంగానే ఉండే చోటు అది) రకరకాల దేశాల సైనికులతో ఒక రహస్య దళం తయారుచేయాలి, యూరప్‌లో టెర్రరిస్టులు ఎక్కడ జనాన్ని బందీలుగా పట్టుకున్నా గంటల్లో అక్కడికి చేరిపోవాలి. ఆ దళం పేరే రెయిన్‌బో. రెండు టీములు ఉంటాయి, ఒకదానికి లీడర్ క్లార్క్ అల్లుడు డింగ్ చావెజ్, అతనూ ఒకప్పటి సైనికుడే.

ఆ ‘గంటల్లో’ అన్న మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ పుస్తకం వచ్చింది 1998లో. పదేళ్ళ తర్వాత, 2008 నవంబర్ 26 రాత్రి, ముంబైలో దాడి మొదలైనప్పుడు మనమందరం టీవీల ముందు కూర్చుని చూసింది ఆ గంటలనే కదా. ఎన్ఎస్‌జీ కమాండోలు ఢిల్లీ దగ్గరి మానేసర్ నుంచి బయల్దేరి, విమానమెక్కి, ముంబైలో దిగి పని మొదలుపెట్టేసరికి తెల్లారిపోయింది. తాజ్ హోటల్లో ఆపరేషన్ ముగిసేసరికి 29వ తేదీ ఉదయం అయింది, మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ లాంటివాళ్ళని పోగొట్టుకున్నాం. 2009లో ముంబై, చెన్నై, కోల్‌కతాలతో పాటు మన హైదరాబాద్‌లోనూ ఎన్ఎస్‌జీ హబ్ పెట్టింది ఆ ఆలస్యం మళ్ళీ జరగకూడదనే. ఇదంతా మనసులో పెట్టుకుని చదివితే, హెలికాప్టర్ ఎక్కడుంది, పైలట్ ఎవరు, ఏ విమానంలో వెళ్ళాలి, లోకల్ పోలీసులు ఎవరి మాట వింటారు అని క్లాన్సీ పేజీలకి పేజీలు రాసుకుంటూ పోయినా నాకు బోర్ కొట్టలేదు. ప్రాణాలు నిలిచేదీ పోయేదీ ఆ వివరాల్లోనే.

ఇంకో సంగతి, ఇందులో తుపాకులు పేలే పేజీల కన్నా పేలని పేజీలే ఎక్కువ. పొద్దున్నే పరుగు, ఆ తర్వాత కాల్పుల ప్రాక్టీసు, మళ్ళీ మర్నాడూ అదే. కుర్రాళ్ళతో పాటు పరిగెడుతూ క్లార్క్ తన వయసు లెక్క చూసుకుంటుంటాడు, ఆ భాగాలు నాకు చాలా నచ్చాయి. అసలు ఆపరేషన్ వచ్చేసరికి స్నైపర్ గంటల తరబడి గన్ స్కోపులోంచి ఒకే మనిషిని చూస్తూ పడుకుంటాడు. లోపలివాళ్ళతో ఫోన్లో మాట్లాడే సైకాలజిస్టు ఒకాయన ఉంటాడు, గొంతు పెంచకుండా, అబద్ధం దొరక్కుండా, టైమ్ సాగదీస్తూ. రచయిత సైనికుడు కాదు, కంటిచూపు సరిగా లేక సైన్యంలో చేరలేకపోయాడు, ఇన్సూరెన్స్ వ్యాపారం చేసుకుంటూ 1984లో మొదటి నవల తెచ్చాడు. అలాంటి మనిషి ఈ ఎదురుచూపుని ఇంత బాగా పట్టుకోవడం గొప్ప విషయం.

ఇక ఆ పార్కు. పిల్లల థీమ్ పార్కులోకి టెర్రరిస్టులు చొరబడి, చిన్నపిల్లల్ని ఒక కోట లాంటి కట్టడంలో బంధించి, ఫ్రాన్స్ జైల్లో ఉన్న కార్లోస్‌ని వదలమంటారు. కార్లోస్ కల్పన కాదు, ‘కార్లోస్ ది జాకాల్’ అని పేరుపడ్డ టెర్రరిస్టు, 1994లో సూడాన్‌లో దొరికిన అసలు మనిషే. బందీల్లో ఆన్నా అనే డచ్ పాప ఉంటుంది, జబ్బు మనిషి, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఆ పాపని బయటికి తెచ్చి కాల్చేస్తారు. హోమర్ జాన్‌స్టన్ అనే స్నైపర్ స్కోపులోంచి అదంతా చూస్తూనే ఉంటాడు. ఆర్డరు లేదు, తను కాలిస్తే లోపల మిగతా పిల్లలు పోతారు, అందుకని వేలు కదపడు. నేను అక్కడ పుస్తకం మూసేసి కాసేపు వరండాలో నడిచాను. తర్వాత దాడి జరిగినప్పుడు ఆ కాల్చినవాడిని జాన్‌స్టన్ తలకి కొట్టడు, కావాలనే లివర్ మీద కొడతాడు, వాడు వెంటనే చావకూడదని.

మాది మిలటరీ మాధవరానికి దగ్గర ఊరు. మా పెదనాన్న హవల్దారుగా రిటైరై, ఇప్పుడు ఒక బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్ గన్నుతో డ్యూటీ చేస్తారు. ఆయన ఇంగ్లీషు నవలలు చదవరు, అందుకని ఈ సీను మొత్తం కూర్చుని చెప్పాను. పాప చనిపోయే చోట ఆయన మాట్లాడలేదు. లివర్ సంగతి చెప్పగానే మాత్రం, “అది తప్పురా. లివర్‌కి తగిలినోడు ఇంకా కాసేపు బతికుంటాడు, వాడి చేతిలో తుపాకీ ఉంటుంది, చుట్టూ పిల్లలు. కోపం డ్యూటీ అయ్యాక పడొచ్చు” అన్నారు. చదివేటప్పుడు నాకు కసి తీరినట్టు అనిపించింది, నిజం. ఆయన మాట విన్నాక ఆ పేజీ మళ్ళీ తీసి చదివితే భయం వేసింది. ఆ ఒక్క తూటా గురించి క్లాన్సీ ఇంకొంచెం ఆలోచించి రాయాల్సిందని నా అభిప్రాయం.

అవతలి పక్షంలో కూడా పాత ఉద్యోగులే ఉండటం ఈ కథకి పెద్ద బలం. ఈ దాడుల వెనక తిరిగేది పపోవ్ అనే మాజీ కేజీబీ (సోవియట్ గూఢచారి సంస్థ) మనిషి, పాత పరిచయాలతో టెర్రరిస్టులని వెతికి డబ్బిచ్చి పని పురమాయిస్తాడు. ఇంకొకడు ఎఫ్‌బీఐలో పనిచేసి బయటికొచ్చి సెక్యూరిటీ కంపెనీ పెట్టుకున్నవాడు. దాడులు పెరిగితే భయం పెరుగుతుంది, భయం పెరిగితే సిడ్నీ ఒలింపిక్స్ కాపలా కాంట్రాక్టు దొరుకుతుంది. నేర్చుకున్న విద్య ఒకటే, అమ్ముకున్న చోటు వేరు. పపోవ్ పాత్ర క్లార్క్ కన్నా బాగా కుదిరిందని కూడా నాకనిపించింది.

నచ్చనివి ఉన్నాయి. అసలు కుట్ర చేసేవాళ్ళు ప్రకృతి ప్రేమ తలకెక్కిన శాస్త్రవేత్తలు, వాళ్ళలో ఒక్కరికి కూడా మనిషి లక్షణం ఉండదు. చెట్టూ చేమా గురించి పట్టించుకునేవాళ్ళంటే రచయితకి ముందే పడదని తెలిసిపోతుంది. ఆడవాళ్ళకి ఎక్కువగా నర్సు, డాక్టరు, గర్భిణి అన్నంతవరకే చోటు. మనుషుల్ని చంపడానికి ఆ శాస్త్రవేత్తలు తయారుచేసిన వైరస్‌కి ‘శివ’ అని పేరు పెట్టారు, అది నాకు గుచ్చుకుంది. మనకి శివుడు లయకారుడే, కాదనను, కానీ భోళా శంకరుడు కూడా ఆయనే, రోగాలు పోగొట్టే వైద్యనాథుడూ ఆయనే. పేరు ఎరువు తెచ్చుకునేవాళ్ళు ఆ మాత్రం కనుక్కోవాలి. చివరి రెండొందల పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, ముగింపు బ్రెజిల్ అడవిలో, అది ఎలా ఉంటుందో చెప్పను.

కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. నేను మొదట ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పైరసీ కాపీ వచ్చింది. కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడుతున్నాయి, మధ్యలో ఇరవై పేజీలు రెండుసార్లు వచ్చి వాటి తర్వాతవి అసలు లేనే లేవు. వాపసు పంపేసి, ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే ఒరిజినల్ పాత పేపర్‌బ్యాక్ రెండు వందలకి దొరికింది. కొనేముందు వెన్ను విరిగిందేమో చూడండి, ఇంత లావు పుస్తకానికి అక్కడే మొదట ఊడుతుంది. అక్షరాలు బాగా చిన్నవి, నలభై దాటినవాళ్ళు ఈబుక్ తీసుకోవడం మంచిది.