వైజాగ్ డాబాగార్డెన్స్ ప్రింటింగ్, ఫ్రేమ్ షాపు: పని సూపర్, టైం మాత్రం వాళ్ళిష్టం

ఆగస్టు 29 స్పోర్ట్స్ డేకి మా కాలనీ క్లబ్బులో ఏటా ధ్యాన్‌చంద్ ఫొటో ఒక్కటే పెడతారు, ఆయన పుట్టినరోజే కాబట్టి తప్పేం లేదు, కానీ ఈసారి పక్కన హాకీ ఆడి యుద్ధం కూడా చేసిన హరిపాల్ కౌశిక్ గారిది కూడా ఉండాల్సిందే అని పట్టుబట్టి ప్రింటు, ఫ్రేము రెండూ ఈ షాపుకే ఇచ్చాను. జగదాంబ నుంచి డాబాగార్డెన్స్ వైపు వెళ్తుంటే సందు లోపల ఉంటుంది, బోర్డు చిన్నది.

కౌంటర్లో కుర్రాడు ఫొటో చూసి అడిగిన మొదటి మాట "ఏ పార్టీ సార్". రోజంతా లీడర్ల ఫ్లెక్సీలు కొట్టేవాడు ఇంకేం అడుగుతాడు పాపం. 1971 పాకిస్తాన్ యుద్ధం అంటే బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది కాబట్టి మనూళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు గానీ 1962 చైనా యుద్ధం అనేసరికి ఎవరికీ ఏమీ తెలీదు. సరే మొత్తం చెప్పా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హాకీ గోల్డ్ కొట్టిన టీంలో ఉన్నారు, తర్వాత ఆర్మీ ఆఫీసరై ఆ యుద్ధంలో అరుణాచల్‌లో తవాంగ్ పైన బుమ్ లా కనుమ దగ్గర ఫస్ట్ సిక్కు బెటాలియన్‌లో ఒక కంపెనీని నడిపారు, వీర చక్ర వచ్చింది, మళ్ళీ స్టిక్ పట్టుకుని 1964 టోక్యోలో ఇంకో గోల్డ్.

ప్రూఫ్‌లో వీర చక్ర బదులు "పరమవీర చక్ర" అని కొట్టేశారు. అది సుబేదార్ జోగిందర్ సింగ్‌ది, కౌశిక్ గారి కంపెనీలోనే ఒక ప్లటూన్‌తో, అంటే చిన్న దళంతో, బుమ్ లా దగ్గర పోరాడి, గాయాలతో చైనావాళ్ళకి చిక్కి అక్కడే ప్రాణం విడిచిన మనిషి. ఆయన పతకం ఈయనకి తగిలిస్తే ఎలా! ఎక్స్‌ట్రా అడక్కుండా మార్చారు.

ఇక్కడ డిజైన్ చేసే అమ్మాయికి మాత్రం ఫుల్ మార్కులు. నేనిచ్చిన మ్యాటర్ టైప్ చేస్తూ "సార్, రెండూ ఒకే తారీఖు చూశారా" అంది. నిజమే, బుమ్ లా యుద్ధం 1962 అక్టోబర్ 23న, టోక్యో ఫైనల్‌లో పాకిస్తాన్ మీద 1-0తో గెలిచింది 1964 అక్టోబర్ 23న. సరిగ్గా రెండేళ్ళు. మంచు కొండల్లో చావు తప్పించుకున్న మనిషి అదే తారీఖున గోల్డ్ మెడల్ మెడలో వేసుకున్నాడంటే మామూలు విషయమా, నేను చదివి కూడా పట్టించుకోలేదు, ఆ అమ్మాయి ఫ్రేముని నిలువునా రెండు చేసి అటొక తారీఖు ఇటొక తారీఖు పెద్దక్షరాల్లో పెట్టింది. క్లబ్బులో అందరూ ముందు దాన్నే చదువుతున్నారు.

ఫొటో చిన్నదైతే పెద్ద సైజు వద్దని వాళ్ళే చెప్తారు, మొహం మసకైపోతుందని, అది నచ్చింది. మ్యాట్ ప్రింటే తీసుకోండి, గ్లాసీ మీద ట్యూబ్‌లైట్ కొడుతుంది. వెనక కొక్కేలు స్టీలువి అడగండి, మనూరి సముద్రపు గాలికి ఇనుపవి ఏడాదిలో తుప్పు పట్టేస్తాయి. రేపిస్తామన్నది ఎల్లుండి కూడా రాలేదు, రెండుసార్లు ఫోన్ చేస్తేగానీ కదల్లేదు, ఒక స్టార్ అందుకే తీసేశా. ఫోన్‌పే ఉంది, బండికి చోటు లేదు. వినాయక చవితి ముందు వారం అస్సలు వెళ్ళకండి, గణపతి ఫ్లెక్సీల మధ్య మీ ఆర్డర్ ఎక్కడుందో వాళ్ళకే దొరకదు.