పెనం ముందు సీటు దొరికితేనే వెళ్లండి

పోయిన ఆదివారం అమ్మానాన్నలను బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక టెప్పన్‌యాకి రెస్టారెంటుకి తీసుకెళ్లాను. పేరు రాయడం లేదు. అక్కడ జరిగిన ఒక పొరపాటు గురించి చెప్పాలి, చెప్పకుండా వదిలేయలేను.

జపాన్ భాషలో టెప్పన్ అంటే ఇనుప పలక, యాకి అంటే కాల్చడం. మన దోసె పెనం లాంటిదే, కాకపోతే బల్లంత పొడవు. దాని చుట్టూ ఎనిమిది కుర్చీలు. విడిగా టేబుళ్లూ ఉన్నాయి గానీ అక్కడ కూర్చుంటే వండినవి ప్లేట్లలో తెచ్చి పెడతారు. ఆ మాత్రానికి ఇంత డబ్బు పెట్టనక్కర్లేదు. బుక్ చేసేటప్పుడే పెనం ముందు సీట్లు కావాలని గట్టిగా అడగండి.

నాన్నది మచిలీపట్నం. రొయ్యల విషయంలో ఆయన్ని మెప్పించడం తేలిక కాదు. బెంగళూరులో ఎక్కడికి తీసుకెళ్లినా ఒక ముక్క కొరికి "రబ్బరులా ఉందిరా" అని పక్కన పెట్టేస్తారు. ఇక్కడ షెఫ్ ముందుగా పల్చటి వెల్లుల్లి రేకులు పెనం అంచున నూనెలో వేశాడు. వేడంతా మధ్యలో ఉంటుంది, అంచులకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. రేకులు లేత బంగారు రంగుకి రాగానే తీసేశాడు. ఇంకొంచెం ఉంచితే చేదెక్కేవి. ఆ నూనెనే మధ్యకి లాగి రొయ్యలు వేశాడు. రెండు వైపులా కాసేపు, ఒక చెంచాడు సాకే అనే బియ్యపు మద్యం, పైన గిన్నె మూత. మూత తీసేసరికి రొయ్య రంగు మారింది, ఇంకా గట్టిగా ముడుచుకోలేదు. నాన్న నమిలి, కాసేపు ఆగి, "సరిగ్గా దింపాడు" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

తలకాయలు పారేస్తారనుకున్నాను. అట్లకాడకి రెట్టింపు వెడల్పున్న గరిటెతో వాటిని పెనానికి అదిమిపెట్టాడు. చిటపటలు ఆగేదాకా వదల్లేదు. అప్పడంలా అయ్యాక ఉప్పు చల్లి ఇచ్చాడు. నాలుగూ నాన్నే తిన్నారు.

ఉల్లిపాయ చక్రాలు పేర్చి మంట రప్పించే వీడియోలు చూసి వచ్చారు నాన్న. ఇక్కడ అదేం లేదు. ఈ పద్ధతిని 1945లో కోబె నగరంలో మిసోనో అనే రెస్టారెంటు మొదలుపెట్టిందంటారు. దాన్ని పెద్ద ప్రదర్శనగా మార్చి అమెరికాకి అలవాటు చేసింది 1964లో న్యూయార్క్‌లో తెరిచిన బెనిహానా. మా షెఫ్ ఒక్క గరిటె కూడా గాల్లోకి ఎగరేయలేదు. అతని చూపంతా పెనం మీదే ఉంది. నాకు అదే నచ్చింది.

అమ్మ పదేళ్ల కిందటే మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేసింది. ఆ మాట బుకింగ్‌లోనే చెప్పాను. అందుకని ఏడు గంటలకు, పెనం మీద ఇంకేదీ పడకముందే అమ్మకి వంకాయ, పుట్టగొడుగులు, టోఫు చేసి పెట్టారు. వంకాయ ముక్క వేలు మందాన ఉండి కూడా లోపలిదాకా వెన్నలా ఉడికింది. అమ్మకి చాలా నచ్చింది.

చివర్లో అన్నంతో పాటు మిసో సూప్ వచ్చింది. వడ్డించే కుర్రాడిది మదనపల్లి. మా తెలుగు విని అప్పటికే రెండుసార్లు పలకరించి వెళ్లాడు. "వెజ్జేనమ్మా, సోయాతో చేస్తారు" అన్నాడు. మిసో సోయాదే, నిజమే. కానీ దాన్ని కలిపే దాషి అనే చారుని మామూలుగా ఎండబెట్టిన బొనిటో చేప పొరలతో కాస్తారు. నాకది గుర్తొచ్చి, లోపల కనుక్కోమనేసరికే అమ్మ రెండు చెంచాలు తాగేసింది. తిరిగొస్తున్న అతని ముఖం చూడగానే అర్థమైపోయింది. అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. గిన్నె పక్కకి జరిపి, వెళ్లి నోరు కడుక్కుని వచ్చింది. తర్వాత తిన్న వెల్లుల్లి అన్నం ఎలా ఉందో నేను రాయలేను. రుచి గుర్తులేదు.

తప్పు ఆ కుర్రాడిది కాదు. మెనూలో ఆ సూప్ పక్కన పచ్చ చుక్క ఉంది. అతనికి ఏం చెప్పారో అదే మాకు చెప్పాడు. మేనేజర్ వచ్చి క్షమించమన్నారు, బిల్లులో సూప్ తీసేశారు. మెనూలో ఆ చుక్క సంగతేమిటంటే "చూస్తామండీ" అన్నారు. చేప లేని దాషి కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో జపాన్ బౌద్ధ ఆలయాల్లో ఎప్పటినుంచో చేస్తున్నదే. శాకాహారులు ఇంతమంది ఉన్న ఊళ్లో అది చేయించలేకపోతే కనీసం చుక్క రంగు మార్చాలి.

మీ ఇంట్లో శాకాహారులుంటే సూప్ ఒక్కటే కాదు, పోంజు అనే పుల్లటి సాస్ గురించి కూడా అడగండి. అందులోనూ తరచుగా బొనిటో ఉంటుంది. కూరగాయల్లో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల మాంసంతో చేసే సాస్, వేస్తారేమో కనుక్కోండి. వడ్డించేవాళ్లని కాదు, ఎదురుగా వండుతున్న షెఫ్‌నే అడగండి.

ముగ్గురికి జీఎస్టీతో కలిపి 7,200 అయింది. ఆ రొయ్యల కోసం నాన్నని మళ్లీ తీసుకెళ్తాను. అమ్మని తీసుకెళ్లేది మెనూలో ఆ చుక్క మారాకే.