కృష్ణ ఒడ్డున గుర్రాలతో నైట్ క్యాంప్, వెళ్లొచ్చాక

గుంటూరు నుంచి మేం, మా బావగారి ఫ్యామిలీ కలిసి డిసెంబర్లో ఓ శనివారం వెళ్లాం. మనిషికి 1800 తీసుకున్నారు, టెంట్, రాత్రికి రొట్టెలు కోడికూర, పొద్దున్నే గంట రైడింగ్. కరెంటు ఉండదు, బాత్రూమ్ అంటే రేకుల షెడ్డే, అది కుదరదనుకుంటే విజయవాడలో రూమ్ తీసుకోండి.

గుర్రాలు మాత్రం బంగారం అండీ. వాటిని చూసుకునే తాత మా పాపని కూర్చోబెట్టుకుని, వెనక నుంచి ఎప్పుడూ వెళ్లకమ్మా, భుజం వైపు నుంచి మాట్లాడుతూ రా, ఎడమవైపు నుంచే ఎక్కాలి, క్యారెట్ అరచేయి చాపి పెట్టు, వేళ్లు మడిస్తే కొరుకుద్ది అని ఓపిగ్గా చెప్పాడు. తర్వాత కాలు ఎత్తి గిట్ట లోపల ఇరుక్కున్న గులకరాయి ఇనప కొక్కెంతో తీసి చూపించాడు, పాప ఆ రాయి ఇంటికి తెచ్చుకుంది. రాత్రి టెంట్లో పడుకుంటే పక్కనే అవి గడ్డి నములుతున్న చప్పుడు, నాకైతే అంత హాయిగా ఈ మధ్య నిద్ర పట్టలేదు.

నాకు కోపం వచ్చింది నీళ్ల దగ్గర. గుర్రం రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుద్ది, ఐదు గుర్రాలకి రెండే తొట్లు, సాయంత్రానికే ఖాళీ, మేం మూడుసార్లు చెప్తే ఎనిమిదింటికి గానీ నింపలేదు. ఎండుగడ్డి తిని నీళ్లు తక్కువైతే వాటికి కడుపునొప్పి వస్తది, అది ప్రాణం మీదకే తెచ్చుద్ది. మేనేజర్ సారీ చెప్పాడు గానీ మూడో తొట్టి పెడతానని మాత్రం అనలేదు. పిల్లల సైజు హెల్మెట్ కూడా ఒక్కటే ఉంది, ముందే ఫోన్ చేసి అడగండి.